చిగురు కోసం కాపుకాసిన చిత్రకారుడు

ఈతకొలనుల బొమ్మలతో ప్రపంచమంతా పేరు తెచ్చుకున్న డేవిడ్ హాక్నీ, అరవై ఏళ్ల వయసులో అమ్మ ఉన్న ఊరివైపు మళ్లారు. అక్కడి పొలం దారుల్లో అవే చెట్లని మంచులో, వానలో, ఎండలో మళ్లీ మళ్లీ గీశారు. ఆయన మలివయసు కళ వెనుక ఓ తల్లి, ఓ అక్క, ఓ నేస్తం, రెండు మూడు మైళ్ల పల్లెదారి ఉన్నాయి.

2007 వేసవి. లండన్‌లోని రాయల్ అకాడమీలో ఏటా జరిగే వేసవి ప్రదర్శన. అక్కడి పెద్ద హాల్లో ఒక గోడ మొత్తాన్నీ ఒకే బొమ్మ ఆక్రమించింది. పదిహేను అడుగుల ఎత్తు, నలభై అడుగుల పొడవు. అంత పెద్ద బొమ్మంటే అందులో ఏ యుద్ధమో, పట్టాభిషేకమో ఉంటుందనుకుంటాం. ఇందులో ఉన్నవి చెట్లు. అవీ ఇంకా ఆకు తొడగనివి. నడుమ పెద్ద సైకమోర్ మాను, దాని కొమ్మలు రెమ్మలై, రెమ్మలు పుల్లలై గోడ పైఅంచు దాకా అల్లుకుపోయాయి. వెనక గులాబిరంగు వెలుతురులో ఇంకో తోపు. కింద అప్పుడే విచ్చుకున్న డాఫొడిల్ పూలు, ఓ పక్క రెండు ఇళ్లు, ఇంకో పక్క వంపు తిరిగిన దారి. అంతే.

దాని పేరు ‘బిగ్గర్ ట్రీస్ నియర్ వార్టర్’. వార్టర్ అనేది ఇంగ్లండ్ ఈశాన్యాన యార్క్‌షైర్‌లోని చిన్న పల్లె. గీసినాయన డేవిడ్ హాక్నీ. బొమ్మ ఆ గోడ మీద ఉండగానే జులై 9న ఆయనకు డెబ్బై నిండాయి.

ఆ వయసులో ఎవరైనా చేతిలో ఉన్న పేరును కాపాడుకుంటూ కూర్చుంటారు. ఆయన మాత్రం చలిలో కోటు తొడుక్కుని, పొలంగట్టున ఈజిల్ నిలబెట్టి, ఆకులు వచ్చేలోగా పని పూర్తవ్వాలని పరుగులు పెట్టారు.

కొలను నుంచి పొలం గట్టుకి

హాక్నీ అనగానే చిత్రకళ తెలిసినవాళ్లకి గుర్తొచ్చేది నీలం రంగు. 1964లో లాస్ ఏంజెలిస్ చేరిన ఈ బ్రాడ్‌ఫర్డ్ కుర్రాడికి అక్కడి ఎండ, చదును కప్పుల ఇళ్లు, పెరట్లో ఈతకొలనులు కొత్త లోకంలా తోచాయి. 1967లో గీసిన ‘ఎ బిగ్గర్ స్ప్లాష్’లో మనిషి కనిపించడు, అతడు దూకినప్పుడు ఎగిరిన నీళ్లే కనిపిస్తాయి. 1972లో గీసిన మరో కొలను చిత్రం 2018 నవంబరులో న్యూయార్క్ వేలంలో 9 కోట్ల డాలర్లకు పైగా పలికింది. అప్పటికి జీవించి ఉన్న చిత్రకారుడెవరికీ వేలంలో అంత ధర రాలేదు.

కాలిఫోర్నియా ఆయనకు అన్నీ ఇచ్చింది, రుతువుల్ని తప్ప. అక్కడ ఏడాది పొడవునా దాదాపు ఒకే ఎండ. చెట్టు బోసిపోయి, మళ్లీ నిండే తతంగాన్ని అక్కడ రోజురోజుకీ చూడటం కుదరదు. ఆ సంగతి ఆయనకు బాగా తెలిసొచ్చింది యార్క్‌షైర్‌కి తిరిగొచ్చి, నెలల తరబడి ఉన్నాకే.

హాక్నీ 1937లో బ్రాడ్‌ఫర్డ్‌లో పుట్టారు. ఐదుగురు సంతానంలో నాలుగో వారు. బడిలో చదివే రోజుల్లో వేసవి సెలవులకు తూర్పు యార్క్‌షైర్‌లోని వోల్డ్స్ అనే సుద్దరాతి గుట్టల ప్రాంతానికి వెళ్లి కోతపనులు చేశారు. కోసిన పనలను నిలబెట్టడం, సైకిలెక్కి గుట్టలన్నీ చుట్టిరావడం. ఆ ఎగుడుదిగుడు నేల అప్పుడే ఆయన ఒంటికి తెలిసింది. కంటికి పని చెప్పడానికి ఇంకో అర్ధశతాబ్దం పట్టింది.

అమ్మ ఇల్లు, నేస్తం జబ్బు

తల్లి లారా చివరి రోజుల్లో వోల్డ్స్ అంచునే ఉన్న బ్రిడ్లింగ్టన్ అనే సముద్రతీరపు ఊళ్లో ఉండేవారు. అక్క మార్గరెట్ ఉండేదీ ఆ ఊళ్లోనే. అమెరికాలో ఎంత పనున్నా క్రిస్మస్‌కి హాక్నీ అమ్మ దగ్గరికి రావడం ఆనవాయితీ. వచ్చి నాలుగు రోజులుండి పోయేవారు.

1997లో ఆ నాలుగు రోజులు నెలలయ్యాయి. కారణం జొనాథన్ సిల్వర్. బ్రాడ్‌ఫర్డ్ పక్కనున్న సాల్టెయిర్‌లో మూతపడ్డ పాత ఉన్ని మిల్లును 1987లో కొని, అందులో హాక్నీ చిత్రాలకో గ్యాలరీ తెరిచిన మిత్రుడు. యార్క్‌షైర్‌ని గీయవా అని ఎప్పట్నుంచో పోరుపెట్టేవారు. ఆయనకు క్యాన్సర్ ముదిరింది. హాక్నీ అమ్మ ఇంట్లో మకాం పెట్టి, వోల్డ్స్ మీదుగా కారు నడుపుకుంటూ వెదర్‌బీలో ఉన్న నేస్తాన్ని చూడటానికి తరచూ వెళ్లొచ్చేవారు.

అదే దారి, అవే గుట్టలు, పోయినసారికీ ఈసారికీ మధ్య కాస్త పండిన చేను. కోత కోసినచోట నేల రంగు మారింది. గడ్డి చుట్టలు కొత్తగా వెలిశాయి. ఆ ప్రయాణాల్లోంచి ‘ది రోడ్ అక్రాస్ ద వోల్డ్స్’, ‘ది రోడ్ టు యార్క్ త్రూ స్లెడ్‌మియర్’ లాంటి పెద్ద తైలవర్ణ చిత్రాలు వచ్చాయి. వాటిలో దారి పాములా మెలికలు తిరుగుతూ పోతుంది. ఒక్కచోట నిలబడి చూస్తే ఆ దృశ్యం అలా కనిపించదు. కారులో పోయే మనిషి మనసులో మిగిలే దృశ్యం అది.

సిల్వర్ ఆ ఏడాది సెప్టెంబరులో కన్నుమూశారు. అడిగిన బొమ్మలు మాత్రం మొదలయ్యాయి. 1999లో తొంభై ఎనిమిదేళ్ల వయసులో తల్లీ వెళ్లిపోయారు. అమ్మ లేని ఊరికి కొడుకు రాకపోకలు తగ్గుతాయని ఎవరైనా అనుకుంటారు. బ్రిడ్లింగ్టన్ విషయంలో ఆ లెక్క తిరగబడింది. కొన్నేళ్లకే హాక్నీ ఆ ఇంటినే స్టూడియోగా చేసుకుని పూర్తిగా అక్కడ దిగారు.

నాన్న కొనిచ్చిన కాన్వాస్

చెట్ల సంగతికి ముందు ఇంటి సంగతి చెప్పుకోవాలి. ఆయన పనిచేసే పద్ధతికి పునాది అక్కడే పడింది.

తండ్రి కెన్నెత్ గుమాస్తా. యుద్ధాలంటే గిట్టని మనిషి, రెండో ప్రపంచయుద్ధంలో సైన్యంలో చేరనని మొండికేశారు. పాత సైకిళ్లకీ, చంటిపిల్లల బండ్లకీ రంగులేసి కొత్తవాటిలా తీర్చిదిద్దేవారు. పిల్లాడు పక్కన నిలబడి ఆ కుంచె కదలికను గుడ్లప్పగించి చూసేవాడు. 1955లో పద్దెనిమిదేళ్ల హాక్నీ ఆ తండ్రినే కూర్చోబెట్టి బొమ్మ గీశారు. లీడ్స్‌లో జరిగిన ప్రదర్శనలో దాన్ని ఒకాయన పది పౌండ్లకు అడిగాడు. హాక్నీ వెంటనే ఒప్పుకోలేదు. ముందు ఇంటికి ఫోన్ చేసి నాన్నను అడిగారు. కాన్వాస్ కొన్నది నాన్న మరి!

1977లో తల్లిదండ్రులిద్దర్నీ కలిపి గీసిన ‘మై పేరెంట్స్’ ఇప్పుడు టేట్ మ్యూజియంలో ఉంది. ఆకుపచ్చ బల్ల మీద పూలకూజా, చిన్న అద్దం. ఒకవైపు అమ్మ చేతులు ఒళ్లో పెట్టుకుని, కొడుకు వైపే చూస్తూ కదలకుండా కూర్చుంది. ఇంకోవైపు నాన్న ఒంగి పుస్తకంలో మునిగిపోయారు. కుదురుగా కూర్చోవడం ఆయన వల్ల కాదు. ఆ కుదురులేనితనాన్నే కొడుకు బొమ్మలోకి తెచ్చారు. అంతకుముందు ఇదే జంటతో కుస్తీపట్టి, కుదరక వదిలేసిన బొమ్మ ఒకటుంది. దీనికోసం మళ్లీ మొదట్నుంచీ మొదలుపెట్టారు.

తల్లిని ఆయన 1950ల నుంచి 1990ల దాకా పెన్సిల్‌తో, సిరాతో, రంగులతో, పొలరాయిడ్ ఫొటోల అతుకులతో గీస్తూనే వచ్చారు. ఒకే ముఖం, దాని మీద నలభై ఏళ్లకు పైగా గడిచిన కాలం. తర్వాత చెట్ల విషయంలో చేసిందీ ఇదే. కొత్త దృశ్యం కోసం ఊళ్లు తిరగలేదు. తెలిసినదాని దగ్గరికే తిరిగి తిరిగి వచ్చారు.

తండ్రి నుంచి ఇంకో వారసత్వమూ అందింది, చెవుడు. 1970ల చివర్లోనే హాక్నీకి వినికిడి తగ్గడం మొదలైంది. జనం మధ్య, సందడిలో మాటలు కలిసిపోతాయి. పల్లెదారి మీద ఆ బెడద లేదు. చెవి తగ్గినకొద్దీ దూరాలనూ లోతునూ కన్ను మరింత స్పష్టంగా పడుతోందని ఆయన నమ్మకం.

నీటిరంగులతో మళ్లీ ఓనమాలు

యార్క్‌షైర్‌లో స్థిరపడుతున్న రోజుల్లో ఆయన ముందు పట్టుకున్నది నీటిరంగులు. అప్పటిదాకా వాటి జోలికి పెద్దగా వెళ్లలేదు. తైలవర్ణమైతే తప్పు పోతే గీకేయొచ్చు, మీద ఇంకో పూత వేయొచ్చు. నీటిరంగులో ఆ వీలు లేదు. పూత మీద పూత రెండు మూడు సార్లు దాటితే కాగితం మురికిపడుతుంది. ఏది ముందు, ఏది తర్వాత అన్నది కుంచె ఆన్చకముందే తేల్చుకోవాలి. వెలుతురు మారేలోగా ముగించాలి.

ఆ కట్టుబాటే ఆయనకు కావాల్సింది. 2004 వేసవిలో అలా గీసిన 36 కాగితాలను ఒక్క గోడ మీద వరసగా పేర్చి ‘మిడ్‌సమ్మర్: ఈస్ట్ యార్క్‌షైర్’ అన్నారు. చేలు, కంచెలు, దారి మలుపులు. ఒక స్కెచ్ పుస్తకమంతా దారిపక్క గడ్డిజాతులకే కేటాయించారు. గడ్డి అని ఒక్క మాటలో తేల్చేసేదాన్ని ఆకారం ఆకారం విడదీసి గీస్తేగానీ కంటికి ఆనదని ఆయన లెక్క. ఆ తర్వాతే తైలవర్ణాలతో, కాన్వాసులతో నేరుగా పొలాల్లోకి దిగారు.

ఒకే దారి, నాలుగు కాలాలు

కిల్లమ్ అనే పల్లె దగ్గర పొలాల్లోకి పోయే ఓ బండ్లబాట ఉంది. రెండువైపులా చెట్లు ఒంగి పైన కలుసుకోవడంతో గుహలా కనిపిస్తుంది. హాక్నీ బృందం దానికి ‘టన్నెల్’ అని పేరు పెట్టింది. 2005, 2006 సంవత్సరాల్లో ఆ బాటని వసంతం చివర, వేసవిలో, ఆకు రాలేటప్పుడు, మంచు కప్పినప్పుడు గీశారు.

2006లో వోల్డ్‌గేట్ అడవి వంతు వచ్చింది. వోల్డ్‌గేట్ అనేది బ్రిడ్లింగ్టన్ నుంచి బయల్దేరే పాతకాలపు రోమన్ బాట, ఒక్క బండి పట్టే వెడల్పు. దాని పక్కనున్న చిన్న అడవిలో ఒకేచోట నిలబడి, ఆరు కాన్వాసులను కలిపి ఆరడుగుల ఎత్తు, పన్నెండడుగుల పొడవున వరసగా చిత్రాలు గీశారు. పేర్లు కూడా డైరీలో రాసుకున్నట్టే ఉంటాయి. ఒకదాని పేరు ‘వోల్డ్‌గేట్ వుడ్స్, 24, 25, 26 అక్టోబర్ 2006’. చూసినదేమిటన్న దానితోపాటు ఎప్పుడు చూశారన్నదీ బొమ్మలో భాగమే.

ఆ ఏడాదే లండన్‌లో జాన్ కాన్‌స్టబుల్ ఆరడుగుల చిత్రాల ప్రదర్శన జరిగింది. రెండొందల ఏళ్ల కిందటి ఆ ఆంగ్ల చిత్రకారుడు అసలు బొమ్మకు ముందు అంతే సైజులో గీసుకున్న చిత్తుప్రతులు కూడా అందులో ఉన్నాయి. వాటి జోరు హాక్నీని పట్టేసింది. పెద్దది గీయాలంటే చిన్న స్కెచ్‌ని స్టూడియోలో పెంచి గీయడం రివాజు. ఆయన ఆ పెద్ద సైజునే ఆరుబయటికి మోసుకెళ్లారు. తడి ఆరని కాన్వాసులు ఒకదానికొకటి అంటుకోకుండా బండిలో చెక్క అరలు కొట్టించారు. సహాయకులు ఈజిల్‌లు నిలబెట్టడం, గాలికి పడిపోకుండా పట్టుకోవడం, సాయంత్రానికి అరల్లోకి సర్దడం. ఆయన గీయడం.

మన దగ్గర వేపచెట్టు ఆకు రాల్చి, ఉగాదికల్లా చిగురు తొడిగి పూతకొచ్చేస్తుంది. బోసిగా ఉండేది కొద్ది వారాలే. యార్క్‌షైర్‌లో అలా కాదు. నవంబరుకి రాలిన ఆకు మళ్లీ కొమ్మ మీద కనబడేసరికి ఏప్రిల్ చివరో, మేనో అవుతుంది. డిసెంబరులో పొద్దు ఎనిమిది దాటాక పొడిచి, నాలుగు కొట్టేలోగా గుంకుతుంది. జూన్‌లో తెల్లవారుజామున నాలుగున్నరకే ఎండ. ఇంత తేడా ఉన్నచోట వసంతం రావడమంటే నెలల తరబడి సాగే కథ.

అయినా హాక్నీకి శీతాకాలపు చెట్టంటే చిన్నచూపు లేదు. ఆకులున్న చెట్టు ఒక ముద్ద. ఆకులు రాలితేనే ఏ కొమ్మ ఎటు తిరిగిందో, వెలుతురు కోసం ఎంత మెలిక తిరిగిందో బయటపడుతుంది. ఏ రెండు మానులూ ఒక్కలా ఉండవు. వాటిని ఆయన మనుషుల్ని గీసినట్టే గీశారు.

యాభై ముక్కల మాను

ఆ శీతాకాలపు చూపులోంచే వార్టర్ చెట్ల బొమ్మ పుట్టింది. అది ఎలా తయారైందో కాస్త వివరంగా చూడాలి.

మూడడుగుల ఎత్తు, నాలుగడుగుల వెడల్పు ఉన్న కాన్వాసులు యాభై. అడ్డంగా పది, నిలువుగా ఐదు వరసలు. ముందు తోపు దగ్గరే కూర్చుని స్కెచ్‌లు గీసి, వాటి మీద గళ్లు గీసుకుని, ఏ కొమ్మ ఏ గడిలో పడుతుందో తేల్చుకున్నారు. తర్వాత కొన్ని కొన్ని కాన్వాసుల చొప్పున అక్కడికి తీసుకెళ్లి రంగులేశారు. చిక్కెక్కడంటే, పూర్తి బొమ్మను వెనక్కి జరిగి చూసుకోవడానికి ఆయన స్టూడియోలో అంత గోడ లేదు. వెనక్కి జరగకుండా పెద్ద బొమ్మ గీయడమంటే కళ్లకు గంతలు కట్టుకున్నట్టే.

సహాయకుడు జాన్-పియర్ గొన్‌సాల్వెస్ డి లిమా ప్రతి ముక్కనూ ఫొటో తీసి, కంప్యూటర్‌లో యాభై గళ్లనూ పేర్చేవారు. హాక్నీ రాత్రి తెర మీద మొత్తం చూసుకుని, ఏ కొమ్మ పక్క గడిలోకి సరిగ్గా దాటలేదో గుర్తుపెట్టుకుని, మర్నాడు పొద్దున్నే మళ్లీ పొలానికి వెళ్లేవారు. బొమ్మకు పెట్టిన పొడవాటి ఉపశీర్షిక అర్థం ఇది: ఫొటోగ్రఫీ తర్వాతి కొత్త యుగానికి, ఆరుబయట గీసిన చిత్రం. ఫొటోను నమ్ముకోకుండా కంటితో గీసిన బొమ్మే. ఆ కంటికి సాయపడింది మాత్రం డిజిటల్ కెమెరా.

కెమెరాతో ఆయన తగువు పాతదే. ఒంటికన్నుతో, రెప్పపాటులో పట్టిన దృశ్యం మనిషి చూపు కాదంటారు. మనిషి రెండు కళ్లతో, తల తిప్పుతూ, నడుస్తూ, గుర్తుంచుకుంటూ చూస్తాడు. చైనా చుట్టచిత్రాలంటే ఆయనకు అందుకే ఇష్టం. వాటిలో ఒకే చూపుబిందువు ఉండదు, చుట్ట విప్పుతూ పోతే చూసేవాడు ఊరంతా తిరిగొస్తాడు. 1988లో అలాంటి ఓ చుట్ట మీద డాక్యుమెంటరీ కూడా తీశారు. 2010లో ఆ వాదాన్ని వోల్డ్‌గేట్‌కి పట్టుకొచ్చి, బండికి తొమ్మిది కెమెరాలు బిగించి, అదే దారిలో నాలుగు కాలాల్లోనూ మెల్లగా నడిపించారు. తొమ్మిదీ కాస్త కాస్త వేరే దిక్కులకు చూస్తుంటాయి. గోడకు తొమ్మిది తెరల చొప్పున నాలుగు గోడల మీద నాలుగు రుతువులు ఒకేసారి నడుస్తాయి.

పూలు వచ్చిన వారం

మే చివర్లో ఆ ప్రాంతపు కంచెల్లో ఓ ముళ్లపొద పూస్తుంది. పేరు హాథార్న్. ఎక్కడ చూసినా తెల్లటి పూత, కొమ్మ కనపడనంత. గట్టి వానో గాలో వస్తే వారం రోజుల్లో రాలిపోతుంది. హాక్నీ బృందం ఆ రోజులకు ముందునుంచే సిద్ధంగా ఉండేది. దానికి వాళ్ల మధ్య ‘యాక్షన్ వీక్’ అని పేరు. ఆ రోజుల్లో విందులు లేవు, అతిథులు లేరు. తెల్లవారుజామునే లేచి దారి పట్టడమే. మంచి వెలుతురు ఉండే కొద్ది గంటల్లో ఒక్కటి కూడా వదలకూడదు.

‘మే బ్లాసమ్ ఆన్ ద రోమన్ రోడ్’ 2009లో వచ్చింది. అందులో పూలపొదలు తెల్లటి గొంగళిపురుగుల్లా ఉబ్బి, దారి మీదికి పాకుతున్నట్టుంటాయి. ఆకాశంలో మేఘాలు సుడులు తిరుగుతాయి. అందంగా ఉందనేకంటే కొంచెం భయపెట్టేలా ఉందనాలి. అదే ఏడాది గీసిన ‘వింటర్ టింబర్’లో నరికిన దుంగలు నారింజరంగులో కుప్పపడి ఉంటాయి. ఓ మొండి మోడు ఊదారంగులో నిటారుగా నిలబడి ఉంటుంది. అది ఊహించిన రంగు కాదు, పొద్దు వాలే వేళ నిజంగానే మాను అలా కనిపిస్తుందన్నది ఆయన మాట.

బొటనవేలితో సూర్యోదయం

ఐఫోన్‌లో బొమ్మలు గీసే ‘బ్రషెస్’ యాప్ హాక్నీకి పరిచయమయ్యేసరికి ఆయనకు డెబ్బై దాటాయి. మంచం మీద నుంచే కిటికీలోంచి పొద్దు పొడవడం చూస్తూ బొటనవేలితో గీసేవారు. చీకట్లో లైటేస్తే కిటికీ అవతలి రంగులు పోతాయి. ఫోన్ తెరకు దాని వెలుగు దానికే ఉంటుంది. కుంచెలు తీయక్కర్లేదు, నీళ్లు తేనక్కర్లేదు. గీసిన పూలను పొద్దున్నే మిత్రులకు పంపేవారు. 2010లో ఐప్యాడ్ వచ్చింది. స్కెచ్ పుస్తకం కోసం ఆయన కోట్లకు ఎప్పుడూ పెద్ద జేబు కుట్టించేవారు. ఐప్యాడ్ అందులో సరిపోయింది.

మరుసటి ఏడాది అసలు పరీక్ష. 2011 జనవరి 1న వోల్డ్‌గేట్ దారిలో మొదటి ఐప్యాడ్ చిత్రం గీశారు. అక్కడినుంచి జూన్ మొదటి వారం దాకా ఆ దారి మీదే తిరిగారు. తొలి బొమ్మల్లో తడి రోడ్డు, గోధుమరంగు కంచె. ఫిబ్రవరిలో మంచు. ఏప్రిల్లో అడుగున కలుపుమొక్కలు పచ్చబడతాయి, పైన కొమ్మలింకా బోసిగానే. మేలో పచ్చదనం మోకాలి నుంచి నడుము దాకా, నడుము నుంచి తల మీదికి ఎక్కుతుంది. వసంతం నేలనుంచి పైకి పాకుతుందన్న విషయం ఒక్క బొమ్మలో చెప్పలేరు. 51 బొమ్మలు వరసగా పెడితే కనిపిస్తుంది. వాటికి తోడు 32 కాన్వాసులను కలిపి పన్నెండడుగుల ఎత్తు, 32 అడుగుల పొడవున ఓ తైలవర్ణం. మొత్తం 52 బొమ్మలనూ కలిపి ఒకే కృతిగా లెక్కపెట్టారు. 2012 జనవరి నుంచి ఏప్రిల్ దాకా రాయల్ అకాడమీలో జరిగిన ప్రదర్శనకు అది ప్రధాన ఆకర్షణ. వచ్చినవారు ఆరు లక్షలకు పైనే.

మోడు కూలిన ఏడాది

ఊదారంగులో గీసిన ఆ మోడు వోల్డ్‌గేట్ దారిలోనే ఉండేది. హాక్నీ దాన్ని ‘టోటెమ్’ అనేవారు. 2012 నవంబరులో ఎవరో దాని మీద రంగు చిమ్మి, ఆపై రంపంతో కోసి పడేశారు. ఆయనకు కొద్దిపాటి పక్షవాతం వచ్చిందీ ఆ రోజుల్లోనే. కూలిన మోడును బొగ్గుతో గీశారు.

ఆ చలికాలం నుంచి రంగులు పక్కనపెట్టి, వోల్డ్‌గేట్‌లోనే ఐదుచోట్లు ఎంచుకుని, ఒక్కోచోట వసంతం వచ్చే ఐదు దశల్ని బొగ్గుతో గీయడం మొదలుపెట్టారు. మొత్తం 25 బొమ్మలు. నలుపు తెలుపుల్లో వసంతాన్ని చూపించడం రంగుల్లో చూపించడం కంటే కష్టం. నీడ ఎంత పొడవు, నీటిగుంటలో ఆకాశం ఎంత వెలుగు, ఆకు ఎంత దట్టం అన్నవాటితోనే నెట్టుకురావాలి. పని నడుమ, 2013 మార్చిలో, ఆయన దగ్గర పనిచేసే యువకుడు మరణించాడు. ఇల్లు మూగబోయింది. అయినా మే నెల దాకా ఆగి, 25వ బొమ్మ పూర్తిచేసి అమెరికా వెళ్లిపోయారు.

లాస్ ఏంజెలిస్‌లో ఆయన మళ్లీ మనుషుల్ని పట్టుకున్నారు. ఒకే కుర్చీ, ఒకే గది, వెనక నీలం లేదా ఆకుపచ్చ తెర. ఒక్కొక్కరికీ రెండు మూడు రోజులు. అక్క మార్గరెట్, ఆస్ట్రేలియా నుంచి తమ్ముడు జాన్ కూడా వచ్చి కూర్చున్నారు. అలా 82 బొమ్మలు. 2016లో ప్రదర్శించిన ఆ వరస చూస్తే వోల్డ్‌గేట్ పద్ధతే అని తెలిసిపోతుంది. చోటు మారదు, చోటులో ఉన్నది మారుతుంది.

నార్మండీలో తొంభై మీటర్లు

2018లో లండన్‌లోని వెస్ట్‌మినిస్టర్ అబేలో రాణి ఎలిజబెత్ పాలనకు గుర్తుగా హాక్నీ రూపొందించిన రంగుటద్దాల కిటికీని ఆవిష్కరించారు. ఐప్యాడ్ మీద గీసిన నమూనా. అందులో కిరీటం లేదు, రాణి బొమ్మ లేదు. ఎరుపు, పసుపు, నీలం రంగుల్లో యార్క్‌షైర్ హాథార్న్ పూసింది.

ఆ పని ముగిశాక ఫ్రాన్స్‌లోని నార్మండీ వెళ్లారు. అక్కడి బయో పట్టణంలో పదకొండో శతాబ్దపు కుట్టుపని చిత్రం ఉంది. దాదాపు 70 మీటర్ల బట్ట మీద యుద్ధగాథ సాగుతూ పోతుంది. దాన్ని చూసొచ్చి, ఆ ప్రాంతంలోనే ఆపిల్, పియర్, చెర్రీ చెట్ల మధ్య ఉన్న పాత ఇల్లు కొన్నారు. 2019లో కాపురం మార్చారు. 2020 వసంతానికి కరోనాతో దేశాలన్నీ తలుపులు మూసుకున్నాయి. హాక్నీ పెరట్లో కూర్చుని ఐప్యాడ్ మీద 116 చిత్రాలు గీశారు. ఆ మార్చిలోనే డాఫొడిల్ పూల బొమ్మ ఒకటి జనంలోకి వదిలి, వసంతాన్ని ఎవరూ రద్దు చేయలేరని గుర్తుచేశారు.

ఆ ఏడాది బొమ్మలు 220ని అతికించి తయారుచేసిన ‘ఎ ఇయర్ ఇన్ నార్మండీ’ పొడవు 90 మీటర్లు. బయో పటంలాగే చూసేవాడు పక్కన నడుచుకుంటూ పోవాలి. శీతాకాలంతో మొదలై, పూతలోంచి, వానలోంచి, పండిన ఆపిల్ చెట్లలోంచి మళ్లీ శీతాకాలానికి చేరతాడు. 2021లో పారిస్‌లోని ఆరాంజెరీ మ్యూజియంలో, చిత్రకారుడు మొనే గీసిన కలువల చిత్రాలున్న భవనంలోనే దాన్ని ప్రదర్శించారు.

తూకం వేస్తే

ఈ చెట్లన్నింటినీ అందరూ నెత్తిన పెట్టుకోలేదు. 2012 ప్రదర్శన మీద బ్రయన్ సీవెల్ లాంటి విమర్శకులు గట్టిగానే విరుచుకుపడ్డారు. రంగులు గాఢమని, అన్నీ ఒకలాంటివేనని, తెర మీద గీసినవాటిని నిలువెత్తు కాగితాలకు పెంచితే గీత బలహీనపడుతుందని ఫిర్యాదు. చివరిదాంట్లో నిజముంది. ఐప్యాడ్ బొమ్మల్లో కొన్ని విడిగా చూస్తే పలచగానే ఉంటాయి. 2006, 2007ల్లో ఆరుబయట గీసిన తైలవర్ణాల ముందు, 2013 బొగ్గుబొమ్మల ముందు అవి నిలబడవు. కానీ వోల్డ్‌గేట్ వరస మొత్తాన్ని ఒకచోట చూసినవారికి, ఒక దారి మీద ఐదు నెలల కాలం ఎలా కదిలిందో చూపిన ఇంకో చిత్రకారుణ్ని గుర్తుచేసుకోవడం కష్టం. 2025లో పారిస్‌లోని లూయీ విత్తోఁ ఫౌండేషన్ 400కు పైగా కృతులతో ఆయన భారీ ప్రదర్శన పెట్టినప్పుడు యార్క్‌షైర్, నార్మండీ చెట్లకు అందులో పెద్దపీటే దక్కింది.

అన్ని కోట్లు పలికే చిత్రకారుడు తన రెండు అతిపెద్ద చెట్ల బొమ్మల్నీ అమ్ముకోలేదు. వార్టర్ చెట్లను 2008లో టేట్‌కి, 2011 వోల్డ్‌గేట్ వసంతాన్ని 2017లో పారిస్‌లోని పాంపిడూ సెంటర్‌కి ఉచితంగా ఇచ్చేశారు. లండన్, లీడ్స్, మాంచెస్టర్లలో పిల్లల దగ్గరికి వెళ్లే తెలుగువారు ఇప్పుడు చాలామందే. వాళ్లకో మాట. వార్టర్ బొమ్మ నలభై అడుగుల గోడ దొరికితేగానీ బయటికి రాదు, కాబట్టి ప్రదర్శనలో ఉందో లేదో టేట్ వెబ్‌సైట్‌లో చూసుకుని బయల్దేరండి. పాంపిడూ భవనం మరమ్మతుల కోసం 2025లో మూతపడింది, 2030 దాకా తెరవరు. వెస్ట్‌మినిస్టర్ అబేలోని కిటికీ మాత్రం ఎప్పుడూ ఉంటుంది, టికెట్ కొనాలి. బ్రాడ్‌ఫర్డ్ పక్కన, సాల్టెయిర్ రైల్వేస్టేషన్‌కు నడిచిపోయేంత దూరంలో జొనాథన్ సిల్వర్ బాగుచేయించిన మిల్లు ఉంది. అందులో హాక్నీ చిత్రాలు ఏడాది పొడవునా చూడొచ్చు, ప్రవేశం ఉచితం.